నీలం గలీబు

దిండ్లమ్మ ఆఫీసులోకి వచ్చేసరికి ఆవిడ చంకలో ఒక దిండు ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నేను ఒక మనిషిని చంపానో లేదో మీరు తేల్చి చెప్పాలి బాబూ," అంది గుమ్మంలోనే నిలబడి.

డిటెక్టివ్ ఆచితూచి ఆవిడకి కుర్చీ చూపించాడు. ఆ ప్రైవేటు డిటెక్టివ్‌కి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఎవరికీ గుర్తులేదు. మాటని త్రాసులో వేసి తూచి గానీ బయటికి వదలడు కాబట్టి ఊరు ఊరంతా ఆచితూచి అనే పిలుస్తుంది. పక్క బల్ల దగ్గర కూర్చున్న నర్సమ్మ ఆయన సహాయకురాలు. పాతికేళ్లు ఆస్పత్రి వార్డుల్లో తిరిగి తిరిగి, మోకాళ్లు మొరాయించాక ఇక్కడ చేరింది. ఆయన బుర్ర మీద ఆవిడకున్న గురి డాక్టర్ల మీద కూడా ఉండేది కాదు. ఆయన కలిపే టీ మీద మాత్రం బొత్తిగా లేదు.

"ముందు కూర్చోండమ్మా. పోయిందెవరు?"

"లెక్కల టీచరు. ముప్పై ఎనిమిదేళ్లు. ఉబ్బసం మనిషి. మూడు నెలల కింద నా దగ్గర దిండు కొనుక్కుంది. ఎనిమిది రోజుల కింద, ఇదిగో, దీని మీదే ఊపిరాడక పోయింది."

దిండ్లమ్మ దిండుని ఒళ్లో పెట్టుకుని, పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుంది. దాని గలీబు ఒక మూల కత్తెరతో చీల్చి ఉంది.

"ఇరవై రెండేళ్లుగా ఇదే పని బాబూ. తుమ్ములు, ఆయాసం ఉన్నవాళ్లు నా షాపుకే వస్తారు. ఒక్కో దిండు మీద పది నిమిషాలు పడుకోబెట్టి, ముక్కు దురద పెడుతోందా, గొంతు పట్టేస్తోందా అని అడిగి గానీ ఇవ్వను. ఈకల దిండు చచ్చినా ఇవ్వను. పాత దూది అసలే ఇవ్వను, కంటికి కనపడని పురుగులు అందులో కాపురాలు పెడతాయి. ఉతికినా ఉండకట్టని దూది, దాని మీద సూదిమొన కూడా దూరనంత సన్నటి నేత సంచి, సంచికి జిప్పు. ఆ పైన మామూలు గలీబు. టీచరుకి అదే ఇచ్చాను."

"ఈ మూల ఎవరు కత్తిరించారు?"

"ఆవిడ అక్క. లోపల తెల్లపొడి కనపడిందట. 'కల్తీ సరుకు కుక్కి నా చెల్లెల్ని పొట్టనబెట్టుకున్నావు' అని నలుగురిలో నా మొహాన కొట్టింది. ఎల్లుండి పోలీసు రిపోర్టు ఇస్తుందట. ఇప్పటికే ఆరుగురు దిండ్లు తెచ్చి గుమ్మంలో పడేసి పోయారు. షాపు పోతే పోయింది. నిజంగా నా దిండే చంపి ఉంటే స్టేషనుకి నేనే నడిచి వెళతాను. కానీ నాకు తెలియాలి కదా! కళ్లు మూసుకుంటే ఆ పిల్ల మొహమే."

అని బావురుమంది. నర్సమ్మ మంచినీళ్లు ఇచ్చింది. చావులు చూసి చూసి గుండె రాయి అయిపోయిందని ఆవిడ అనుకుంటూ ఉండేది గానీ, కాలేదని అప్పుడప్పుడు ఇలా తెలుస్తుంటుంది.

ఆచితూచి దిండుకున్న తెల్ల గలీబు విప్పాడు. దాని కుట్ల వెంబడి, మడతల్లో, తెల్లపొడి సన్నగా పేరుకుని ఉంది. లోపలి సంచి మీద కూడా ఉంది. తరవాత సంచి జిప్పు లాగి, లోపలి దూదిని వేళ్లతో విడదీసి చూశాడు. అక్కడ నలుసైనా లేదు. పొడిని చిటికెడు సాసరులోకి దులిపి, ఒక నీటిచుక్క వేసి, వేలితో రుద్ది నర్సమ్మ ముందుకు జరిపాడు.

"అంటుకుంటోంది సార్," అంది ఆవిడ.

"ఊఁ. అమ్మా, టీచరు మళ్లీ మీ షాపుకి వచ్చిందా?"

"నెల తిరక్కుండా వచ్చింది. ఆయాసం అంతగా తగ్గలేదంది. 'వేరేవాళ్లు ఎవరైనా ఈ దిండు మీద పడుకుంటే ఏమవుతుంది?' అనడిగింది. ఒక్క పూట కూడా వద్దన్నాను. నవ్వేసి, దళసరిగా ఉన్న నీలం గలీబు ఒకటి ఏరుకుని పట్టుకెళ్లింది. ఆ తరవాత దారిలో కనపడి, ఇప్పుడు హాయిగా నిద్రపడుతోందని నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. అలాంటి పిల్ల పోయింది బాబూ."

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ టీచరు ఇంటికి వెళ్లారు. మూడో అంతస్తు. ఒక గది, వంటగది, బట్టలారేసే తీగ కట్టిన చిన్న బాల్కనీ. మూడో అంతస్తు చేరేసరికి నర్సమ్మ మోకాళ్లు ఆచితూచి వంశాన్ని తిట్టాయి.

తలుపు తీసింది అక్క. టీచరు కన్నా పదేళ్లు పెద్దది, బట్టలు కుట్టే మనిషి. మెడలో ఇంకా టేపు వేలాడుతోంది.

"ఆ దిండ్లది పంపిందా మిమ్మల్ని? వెళ్లి చెప్పండి, దాని షాపుకి తాళం పడేదాకా నేను ముద్ద ముట్టనని."

"ఎవరు చంపారో తెలిస్తే వాళ్లకే వేద్దురుగాని తాళం. ముందు తెలియనివ్వండి," అన్నాడు ఆచితూచి. ఆవిడ పక్కకి తప్పుకుంది.

టీచరు భర్త మంచం పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. బేకరీలో రొట్టెల మేస్త్రి. సాయంత్రం ఐదున్నరకి ఇంట్లోంచి బయలుదేరితే, రాత్రంతా పిండి పిసికి, రొట్టెలు కాల్చి, బండ్లకి ఎక్కించి, పొద్దున ఎనిమిదిన్నరకి ఇల్లు చేరతాడు. టీచరు ఎనిమిదింటికే బడికి వెళ్లిపోయేది, ఐదింటికి వచ్చేది. ఆదివారాలు ఆవిడకి ట్యూషన్లు, రొట్టెకి సెలవే లేదు. పెళ్లయిన పదకొండేళ్లలో మొగుడూ పెళ్లాం ఎదురెదురుగా కూర్చున్నది రోజుకి అరగంట.

"ఒకటే మంచం. రాత్రి ఆవిడది, పగలు నాది," అన్నాడు మేస్త్రి.

"ఆయాసం సంగతి మీకు తెలుసా?"

"దుమ్ము పడదని డాక్టరు చెప్పాడని చెప్పింది. అందుకే దిండు కొంది. పొద్దున నేను వచ్చేసరికి..." మంచం కిందకి వేలు చూపించాడు. "పీల్చే మందు గొట్టం మంచం కిందకి దొర్లిపోయింది. చెయ్యి దానికోసం చాపి ఉంది."

ఆచితూచి వంగి మంచం కిందకి చూసి లేచాడు.

"మీ దిండు ఏది?"

"అదిగో." మంచం మీద గోడవైపు పలచటి పాత దిండు ఉంది. దాని గలీబు మల్లెపువ్వులా తెల్లగా ఉంది. ఇస్త్రీ మడతలు కూడా చెదరలేదు.

"ఇది ఎప్పుడు ఉతికింది?"

"పోయిన నెలలో, ఆవిడే."

"రోజూ దీని మీదే పడుకుంటారా?"

"మరి దేని మీద పడుకుంటాను?" మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి.

"తలంటుకునేది ఎప్పుడు?"

"నిద్ర లేచాక, డ్యూటీకి వెళ్లబోయే ముందు. తడి తలతో పడుకుంటే జలుబు చేస్తుందని ఆవిడే అనేది."

ఆచితూచి బాల్కనీలోకి చూశాడు. తీగ మీద నీలం గలీబు ఒక్కటే ఊగుతోంది.

"చెల్లెలు పోయినప్పటి నుంచీ అక్కడే ఉంది. తియ్యబోతే మా మరిది తియ్యనివ్వడు," అంది అక్క.

"ఆవిడ పోయిన రాత్రికి ముందు పగలు నేనే ఉతికాను," అన్నాడు మేస్త్రి. ఆ ఒక్క మాట దగ్గరే అతని గొంతులో కాస్త ప్రాణం వచ్చింది. "బాగా మాసిపోయింది. ఆవిడకి ఒక పనైనా తగ్గిద్దామనిపించింది. బీరువాలో బిస్కెట్ డబ్బాలో తెల్లది కనపడితే తొడిగాను. సాయంత్రం వచ్చి చూసి, 'అబ్బో, మా ఆయన!' అని నవ్వింది."

"తొడిగింది ఎప్పుడు? పడుకునే ముందా, లేచాకా?"

మేస్త్రి దుప్పటి అంచు సర్దడం మొదలుపెట్టాడు. "ఎప్పుడు తొడిగితే ఏమిటయ్యా?" అని కసిరింది అక్క.

ఆచితూచి బీరువా తీసి ఆ డబ్బా అందుకున్నాడు. మూత గట్టిగా బిగిసి ఉంది. లోపల అడుగున పరిచిన పాత పేపరు తప్ప ఏమీ లేదు. ఆ పేపరు ఎత్తి, దాని కిందున్న మడత కాగితం తీసి చదివి, నర్సమ్మకి ఇచ్చాడు. అది ఆస్పత్రి పరీక్ష కాగితం. అలాంటివి నర్సమ్మ వేలకొద్దీ చదివింది. ఇది మాత్రం రెండుసార్లు చదివింది.

మెట్లు దిగుతూ ఆవిడ ఆగిపోయింది. "ఇది చెప్పి తీరాలా సార్?"

"చెప్పకపోతే రేపటికి దిండ్లమ్మ స్టేషన్లో ఉంటుంది."

"ఏదో ఒక అబద్ధం..."

"ఏ అబద్ధం చెబితే అందరూ మిగులుతారో మీరు వెతికి ఇవ్వండి నర్సమ్మగారూ. అదే చెబుతాను."

ఆవిడ మధ్యాహ్నమంతా వెతికింది. దొరకలేదు.

సాయంత్రం ఐదింటికి అదే గదిలో అందరూ కూర్చున్నారు. దిండ్లమ్మ గుమ్మం దగ్గర, దోషిలా ఒదిగి. అక్క మంచం మీద. మేస్త్రి నేల మీద. ఆచితూచి దిండుని అందరికీ కనపడేలా కుర్చీలో పెట్టాడు.

"ఈ తెల్లపొడి గోధుమపిండి. నీళ్లు తగిలితే జిగురు వచ్చింది. దిండులోంచి బయటికి వచ్చింది కాదు, లోపల దూది ముత్యంలా ఉంది. పైనుంచి వచ్చి గలీబులో ఇంకింది. దిండ్లమ్మగారు ఇచ్చిన దిండులో ఏ లోపమూ లేదు."

దిండ్లమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అక్క మాత్రం లేచి నిలబడింది. "పిండి పైనుంచి ఎలా వస్తుంది?"

"తల మీంచి. మేస్త్రిగారి దిండు నెలనుంచీ మాసిపోలేదు. పిండిలో పనిచేసి, తలంటుకోకుండా పడుకునే మనిషి దిండు అలా ఉండదు. ఆయన పడుకునేది భార్య దిండు మీద."

మేస్త్రి తల ఎత్తలేదు. "సిగ్గేసి చెప్పలేదు," అన్నాడు. "మనిషి ఎలాగూ దొరకదు. ఆవిడ తల పెట్టిన చోటు పొద్దున్నే ఇంకా ఆవిడ వాసనే వేసేది. అది లేకపోతే నాకు నిద్రపట్టేది కాదు. ఆవిడకి తెలిస్తే నవ్వుతుందని, లేవగానే సర్ది దులిపేసేవాడిని."

"ఆవిడకి తెలుసు," అన్నాడు ఆచితూచి.

మేస్త్రి తల ఎత్తాడు.

"ఎవరైనా పడుకుంటే ఏమవుతుందని అందుకే అడిగింది. ఒక్క పూట కూడా వద్దని దిండ్లమ్మగారు చెప్పినా, మిమ్మల్ని వద్దనడానికి ఆవిడకి మనసు రాలేదు. దళసరి నీలం గలీబు కొంది. పొద్దున బడికి వెళుతూ నీలం తొడిగేది, మీకోసం. సాయంత్రం మీరు వెళ్లగానే అది తీసి దులిపి, డబ్బాలోంచి తెల్లది తీసి తనకోసం తొడిగేది. మీ పిండి నీలంతో ఆగిపోయేది. రెండు నెలలు హాయిగా నిద్రపోయింది."

"తెల్లది డబ్బాలో దాచిందంటే, శుభ్రం ఎక్కువేమో అనుకున్నాను," అన్నాడు మేస్త్రి నెమ్మదిగా. అంతలోనే అతని మొహం మారిపోయింది. చెప్పాల్సింది ఇంకేమీ లేదు, అతనికే తెలిసిపోయింది. అయినా చెప్పాలి.

"ఆ రోజు మీరు నీలం ఉతికి ఆరేశారు. తెల్లది తొడిగి, దాని మీద పడుకున్నారు. సాయంత్రం ఆవిడ వచ్చాక, అది తనకోసమే అప్పుడే తొడిగారనుకుంది."

"పిండి పడదని నాకెవరు చెప్పారు?" అని అరిచాడు మేస్త్రి. "దుమ్మన్నారు! పిండని ఎవరన్నారు?"

నర్సమ్మ ఆ పరీక్ష కాగితం అందించింది. అందులో 'గోధుమపిండి' అన్న మాట కింద రెండు గీతలున్నాయి. ఆ పక్కన టీచరు గుండ్రటి రాత: 'ఆయనకి తెలిస్తే పని మానేస్తారు. ఇరవై ఏళ్ల చేతిపని. చెప్పకూడదు.'

"డబ్బాలో పేపరు కింద ఉంది," అంది నర్సమ్మ.

గలీబు తీసిన చెయ్యి తనదే. పేపరు ఎత్తని చెయ్యీ తనదే. మేస్త్రి ఆ రెండు చేతుల్నీ తిప్పి తిప్పి చూసుకున్నాడు. పిండి పిసికి పిసికి మొద్దుబారిన చేతులు.

"ఉతక్కపోయి ఉంటే?" అనడిగాడు. "సార్, నేను ఆ రోజు ఉతక్కపోయి ఉంటే?"

ఆచితూచి నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. ఆయన దగ్గర మాట లేకపోవడం నర్సమ్మ అదే మొదటిసారి చూడటం. ఒక్క అబద్ధం చెప్పవయ్యా మహానుభావా అని ఆవిడ లోలోపల మొత్తుకుంది.

దిండ్లమ్మే ముందుకొచ్చింది. తన తప్పు లేదన్న ఒక్క మాట కోసం వచ్చిన మనిషి, ఆ మాట విన్నాక నిలవలేకపోయింది. "దిండు నాదే కదా బాబూ. ఆ పిల్ల అడిగినప్పుడు 'ఎందుకు?' అని నేను తిరిగి అడగలేదు. తప్పు నాదే. ఏమమ్మా, రిపోర్టు నా మీదే ఇవ్వు," అంది అక్కతో.

అక్క తొమ్మిది రోజులుగా కాపాడుకుంటూ వచ్చిన కోపం ఎక్కడ దించుకోవాలో తెలియక, మెడలో టేపుని చేతికి చుట్టుకుంటూ విప్పుకుంటూ నిలబడింది.

"వద్దమ్మా," అన్నాడు మేస్త్రి. "మీరు ఒక్క పూట కూడా వద్దన్నారటగా."

ఐదున్నర అయింది. మేస్త్రి లేచాడు, ఒట్టి అలవాటు. బాల్కనీలో కొళాయి తిప్పి, తల దాని కింద పెట్టాడు. సబ్బు పెట్టి రుద్దుకున్నాడు. కడుక్కున్నాడు. మళ్లీ రుద్దుకున్నాడు. గోళ్లతో రక్కుతున్న చప్పుడు గదిలోకి వినపడుతోంది. నీళ్లు పొర్లి గుమ్మం దాకా వచ్చాయి. ఎవరికీ కాలు కదల్లేదు.

చివరికి అక్క వెళ్లి కొళాయి కట్టేసింది.

"చాల్లే మరిదీ. పిండి లేదు. ఇంకేమీ లేదు," అని, చేతికందిన గుడ్డ తీగ మీంచి లాగి అతని తల తుడవసాగింది. "తడి తలతో ఉంటే జలుబు చేస్తుంది."

ఆ గుడ్డ ఏమిటో ఆవిడ చూసుకోలేదు. అతను చూశాడు. చూసి, దాన్ని రెండు చేతులా మొహానికి అదుముకుని అలాగే నిలబడిపోయాడు.