బయటి గడియ

మేం ఉత్తరాన ఆ చలి ఊరికి కాపురం మార్చి ఆరు వారాలైంది. అక్కడ మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడేది. నాన్నకి చేపల కోల్డ్ స్టోరేజీలో పని. కంపెనీ వాళ్ళే క్వార్టరు ఇచ్చారు. ఒక గది, వంటిల్లు, బాత్రూం, వెనకాల చిన్న పెరడు. పెరటి తలుపు తీస్తే మంచు వాసన కొట్టేది. మంచుకి వాసనేమిటని మొదట్లో నేనూ నవ్వాను. ఉంటుంది. నాలిక మీద ఇనపముక్క పెట్టుకున్నట్టుంటుంది.

వచ్చిన వారంలోనే నాన్న బాత్రూం తలుపుకి బయటవైపు గడియ బిగించాడు. మా ఇళ్ళల్లో అది లేకపోతే ఏదో వెలితి. పక్క క్వార్టరులో ఉండే డ్రైవరు, కంపెనీలో సరుకెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడిపేవాడు, అది చూసి నవ్వాడు.

"ఇక్కడెవరూ ఇలా బిగించరు. ఎవర్నైనా లోపల పెట్టి మూస్తారా ఏంటి?"

"మా పెద్దమ్మాయిని. ఉపన్యాసం మొదలెడితే నాకు ఇంకో దారి లేదు" అన్నాడు నాన్న.

ఆ పెద్దమ్మాయిని నేనే. ఇరవై ఏళ్ళు. పెట్టెలో బట్టలకంటే పుస్తకాలే ఎక్కువ తెచ్చుకున్నదాన్ని. నాన్న నన్ను ప్రెసిడెంటుగారూ అని పిలిచేవాడు.

మాకంటే ముందు ఆ క్వార్టరులో ఎవరుండేవారో, అతను ఎలా పోయాడో డ్రైవరే చెప్పాడు. చెప్పేముందు తలుపు దగ్గరగా వేశాడు.

కోల్డ్ రూంలోకి వెళ్ళే ప్రతివాడూ తన నెంబరు బిళ్ళని బయట బోర్డుకి తగిలించి వెళ్ళాలి. బయటికొచ్చాక తీసుకోవాలి. బోర్డు మీద ఒక్క బిళ్ళ మిగిలినా తలుపు వెయ్యకూడదు. పొరపాటున వేసినా లోపల్నించి తీసుకోడానికి ఒక మీట ఉంటుంది. ఆ మీట ఏడాదిగా విరిగి ఉంది, ఇప్పటికీ.

"ఆ శనివారం సూపర్‌వైజరుకి తొందర. బోర్డు మీద ఒక బిళ్ళ మిగిలింది. లోపలికెళ్ళి ఒక కేక వెయ్యాలి కదా. వెయ్యలేదు. బిళ్ళ తీసి జేబులో వేసుకుని తలుపు లాగేశాడు. బిళ్ళ మర్చిపోయి ఇంటికెళ్ళాడేమోలే అనుకున్నాన్నేను. సోమవారం తీశారు. చెయ్యి అలా పైకి లేచి ఉంది. తలుపు కొడుతున్నట్టు."

"మీరు ఎవరికీ చెప్పలేదా?"

"ముగ్గురు పిల్లలమ్మా నాకు."

"మౌనం కూడా హత్యే" అన్నాను. ఎక్కడో చదివిన మాట. అతను లేచి తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ మర్నాడే సూపర్‌వైజరు నాన్నకి కబురు పెట్టాడు. విచారణకి అధికారులు వస్తున్నారు. చనిపోయిన వాడి స్థానంలో చేరింది నాన్న. 'నేను చేరిన రోజు నుంచీ లోపలి మీట సరిగ్గా పనిచేస్తూనే ఉంది' అని రాసిన కాగితం మీద నాన్న సంతకం పెట్టాలి. పెట్టకపోతే పని పోతుంది, క్వార్టరు మర్నాడే ఖాళీ చెయ్యాలి.

"పెట్టకు నాన్నా. చచ్చిపోయిన కూలివాడి నోరు మళ్ళీ నొక్కినట్టే అది."

"బయట మైనస్ ఇరవై ఉంది. చెల్లికి ఎనిమిదేళ్ళు. ఎక్కడ పడుకోబెడదాం ప్రెసిడెంటుగారూ, చెప్పు."

నా దగ్గర కోపం మాత్రం ఉంది.

శనివారం నాన్నకి సెలవు. ఉదయం అమ్మ బట్టలుతికి పెరట్లో తాడు మీద ఆరేసింది. ఎండ లేకపోతే ఏం, గాలికి ఆరతాయంది. మూడింటికి చూస్తే అన్నీ గడ్డకట్టి రేకుల్లా అయిపోయాయి. చెల్లి గౌను తీస్తే అట్టముక్కలా వచ్చింది. నాన్న డ్యూటీ డ్రెస్సు, కోటూ ప్యాంటూ కలిపి కుట్టిన నీలం రంగుది, తెచ్చి గోడకి ఆనిస్తే దానంతటది నిలబడింది.

"మీ నాన్నకంటే నిటారుగా నిలబడిందే ఇది" అంది అమ్మ. చాలా రోజుల తర్వాత అందరం నవ్వాం.

చెల్లి పెరటి గుమ్మంలోంచి పిలిచింది.

"అమ్మా, ఇంకో నాన్న ఉండిపోయాడు."

తాడు కింద, మంచులో, ఇంకో నీలం డ్రెస్సు నిలబడి ఉంది. తాడుకి తగిలించి లేదు. క్లిప్పుల్లేవు. చుట్టూ మంచు మీద అమ్మ అడుగులు తప్ప వేరే అడుగుల్లేవు. కుడి చెయ్యి మోచేతి దగ్గర వంగి పైకి లేచి ఉంది. చెయ్యి చివర మడతపడి, పిడికిలిలా ఉంది.

"కంపెనీ వాళ్ళు రెండు జతలు ఇచ్చారా?" అంది అమ్మ.

నాన్నకి ఇచ్చింది ఒక్కటే. ఆ సంగతి అమ్మకీ తెలుసు. అయినా నాన్నని పిలిచింది. నీళ్ళు కారతాయని ఇద్దరూ కలిసి దాన్ని మోసుకొచ్చి బాత్రూంలో నిలబెట్టారు. బట్టంటే బరువుండదు. దాన్ని మొయ్యడానికి ఇద్దరు కావలసివచ్చారు.

నాలుగింటికి సూపర్‌వైజరు వచ్చాడు. బయట అప్పటికే కటిక చీకటి. బూట్ల మంచు గుమ్మంలో దులిపి, కాగితం బల్ల మీద పెట్టాడు. పెద్ద గొంతు మనిషి కాదు. అమ్మని అమ్మా అని పిలిచాడు, చెల్లి బుగ్గ గిల్లాడు. అందుకే నాకు ఇంకా మండింది.

"చదువుకున్న పిల్లవి కదమ్మా. నాన్నకి నువ్వే చెప్పు."

"ఆ బిళ్ళ ఇంకా మీ జేబులోనే ఉందా?" అన్నాను.

అతని ముఖంలో ఏదో కదిలి ఆగింది. నాన్న కళ్ళజోడు వెతకడానికి వంటింట్లోకి వెళ్ళాడు. వెతకడం ఎక్కువసేపే పట్టేలా ఉంది. అమ్మ చెల్లిని తీసుకుని నాన్న వెనకాలే వెళ్ళింది. సూపర్‌వైజరు లేచి, "ఒక్కసారి చేతులు కడుక్కుంటాను" అని బాత్రూంలోకి వెళ్ళాడు.

లోపల్నించి గొంతు వినపడింది.

"ఇది... ఇదెక్కడిది?"

తలుపు మూసుకుంది. నేను ముయ్యలేదు.

గడియ మాత్రం నేనే పెట్టాను.

ఒక్క నిమిషం అనుకున్నాను. మూసిన తలుపు లోపలివైపు ఎలా ఉంటుందో ఆ మనిషికి ఒక్క నిమిషం తెలియాలి. అంతే.

మొదట మామూలుగా తట్టాడు. "అమ్మాయ్... తలుపు పట్టేసినట్టుంది." తర్వాత గట్టిగా. తర్వాత అరచేత్తో. గడియ మీద నా చెయ్యి ఉంది. కొంచెం పక్కకి జరిపితే చాలు.

ఆ చప్పుళ్ళ మధ్య ఇంకో చప్పుడు మొదలైంది. నిదానంగా. ఒకటి... ఆగి, ఇంకొకటి... పైనుంచి, పిడికిలితో కొడుతున్నట్టు. అలవాటైన పనిలా.

తలుపు కింద సందులోంచి చల్లదనం నా పాదాల మీదికి పాకింది. చేపల వాసన. ఇనుము వాసన.

అతను ఇక నన్ను పిలవడం లేదు. లోపల ఎవరితోనో గుసగుసగా మాట్లాడుతున్నాడు.

"చూశాను... నీ బిళ్ళ చూశాను. ఇంటికెళ్ళాలన్న తొందరలో... నువ్వు కొడుతుంటే విన్నాను. తలుపేశాక విన్నాను..."

విన్నాడు. విని వెళ్ళిపోయాడు. డ్రైవరుకి కూడా తెలియని సంగతి అది.

నా వేళ్ళు గడియని గట్టిగా బిగించి పట్టుకున్నాయి. నిమిషం అయిపోయింది. నాకు తెలుసు. ఇంకొంచెం చెప్పనీ అనుకున్నాను. ఇంకొంచెం...

"అమ్మా... తియ్యమ్మా..." అన్నాడు. చాలా చిన్నగా.

తియ్యలేదు.

అప్పుడు చప్పుళ్ళు ఆగిపోయాయి. రెండూ ఒకేసారి.

నాన్న వచ్చి నన్ను పక్కకి తోసి గడియ లాగాడు. అది చాలా తేలిగ్గా వచ్చింది.

సూపర్‌వైజరు తలుపుకి ఎదురుగా నిలబడి ఉన్నాడు. కనురెప్పల మీద తెల్లటి నూగు. పెదాలు నీలం. కుడి చెయ్యి పైకి లేచి ఉంది. నాన్న పట్టుకోబోతే మనిషి మనిషంతా కొయ్యలా పక్కకి ఒరిగాడు. మూలన నీలం డ్రెస్సు మెత్తగా కుప్పపడి ఉంది. అమ్మ దాన్ని తీయబోయి చెయ్యి వెనక్కి లాక్కుంది. అది వెచ్చగా ఉంది. ఇప్పుడే ఎవరో ఒంటి మీంచి విప్పినట్టు.

అంతా కలిపి ఐదారు నిమిషాలు. ఆస్పత్రిలో డాక్టరు నాన్నని పక్కకి పిలిచి అడిగాడు. "నిజం చెప్పండి. ఈయన చలిలో రెండు రోజుల పాటు ఉన్నాడు. ఎక్కడ?"

తెల్లారేలోగా సూపర్‌వైజరు పోయాడు.

పోలీసులు వచ్చినప్పుడు తలుపుకి బయట గడియ పెట్టి ఉందా అని అడిగారు. న్యాయం గురించి అన్ని మాటలు తెలిసిన నా నోరు తెరుచుకోలేదు. నాన్న నా వైపు చూడలేదు. "లేదండీ. గడియ పెట్టలేదు. ఆయన లోపల పడిపోయారు" అన్నాడు. ఆ మాటలే కాగితం మీద రాశారు. నాన్న కళ్ళజోడు పెట్టుకుని, నింపాదిగా, సంతకం పెట్టాడు.

ఆ తర్వాత నాన్న నన్ను ప్రెసిడెంటుగారూ అని పిలవలేదు.

విచారణ జరిగింది. మీట విరిగిన సంగతి నేను అధికారులకి చెప్పాను. కంపెనీ మీట మార్పించింది. డ్రైవరు కూడా నోరు విప్పాడు. మేం వేరే వీధికి మారాం. నేను గెలిచానని పనివాళ్ళందరూ అన్నారు. వేసవిలో ఒక హాల్లో సభ పెట్టి, నన్ను మాట్లాడమన్నారు.

కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. జనం కాగితాలతో విసురుకుంటున్నారు. నేను మైకు ముందుకెళ్ళి చనిపోయిన కార్మికుడి గురించి మొదలుపెట్టాను. మూడో మాటకి నా నోట్లోంచి ఆవిరి వచ్చింది. తెల్లగా, చిక్కగా, చలికాలం పొద్దున వచ్చినట్టు. ముందు వరసలో ఒకావిడ విసురుకోవడం ఆపి, కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది.

భయమేసి నోరు మూసేశాను. పెదాలు గట్టిగా బిగించాను. ఊపిరి కూడా బిగబట్టాను.

ఆవిరి వస్తూనే ఉంది. నా చెవి పక్కనుంచి.