భానుశ్రీ నొక్కిన ‘బాద్ మే’

“ఏటి రాసుందే, భానూ?”

ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ స్టేషన్ బెంచీ మీద కూర్చున్న సీత ఫోన్‌ను కూతురి చేతికిచ్చింది. సీతకు హిందీ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఫోన్‌లో హిందీలో వచ్చేది ఏది చదవాలన్నా ఐదో తరగతి భానుశ్రీయే దిక్కు. ఆ పెత్తనం ఆ పిల్లకు భలే ఇష్టం.

భానుశ్రీ గబగబా చదివింది. అప్‌డేట్ చేయందే రైళ్ల యాప్ తెరుచుకోదట!

అమ్మమ్మ వరహాలమ్మ విశాఖ నుంచి మొదటిసారి ఒంటరిగా వస్తోంది. రైలు రావలసిన వేళ దాటి రెండు గంటలైంది. ఒకటే వాన. అమ్మమ్మ ఫోన్ కలవడం లేదు. నాన్న కొండ మీద గనిలో డ్యూటీలో ఉన్నాడు.

“చెప్పవే! రైలు ఎక్కడుందట?”

అప్‌డేట్ చేయమని ఫోన్ నెలరోజులుగా అడుగుతూనే ఉంది. భానుశ్రీ రోజూ ‘బాద్ మే’ నొక్కేది. అంటే ‘తర్వాత’ అని. అప్‌డేట్ చేస్తే వాళ్ల నాన్న ఫోన్‌లో ఫొటోలన్నీ పోయాయని తన క్లాసు చింటూ చెప్పాడు మరి! అమ్మ ఫోన్‌లో అమ్మమ్మ తన గొంతుతో పంపిన కథలు నలభై ఉన్నాయి. అవి పోతే? అందుకే అమ్మ అడిగినప్పుడల్లా “ఏమీ లేదమ్మా” అనేసేది.

ఇప్పుడూ ఆ మాటే నోటిదాకా వచ్చింది. కానీ అమ్మ పట్టాల వైపే చూస్తోంది.

“అమ్మా... అప్‌డేట్ చేస్తేనే యాప్ వస్తుందట. రోజూ అడుగుతోంది. నేనే నీకు చెప్పలేదు.”

సీత ఫోన్ వైపు వంగింది. “అయితే ఇప్పుడు చెయ్యి!”

“చేస్తే అరగంట ఫోన్ పనిచేయదు. ఈలోగా అమ్మమ్మ ఫోన్ చేస్తే?”

భానుశ్రీకి ఏడుపొచ్చింది.

అంతలో ఫోన్ మోగింది. తెలియని నంబరు. సీత ఎత్తితే అమ్మమ్మ గొంతు!

“సీతా! పట్టాల మీద మట్టి పడిందట. అందర్నీ దంతెవాడలోనే దింపేశారు. నా ఫోన్లో ఛార్జింగ్ అయిపోనాది. ఇక్కడో అమ్మాయి ఫోన్ అడిగి చేస్తన్నానే. నాకు భయంగా ఉంది!”

“అక్కడే ఉండమ్మా, కదలకు. మా వీధి రాంప్రసాద్ గారి జీపులో వచ్చేస్తన్నాం!”

జీపులో వచ్చిన వరహాలమ్మ కూతురింట్లో వేడివేడి అన్నం తింటుంటే భానుశ్రీ అమ్మ ఫోన్‌ను ఛార్జర్‌కు పెట్టింది. మళ్లీ అదే సందేశం వచ్చింది. ఈసారి ‘బాద్ మే’ నొక్కలేదు. ఫోన్ పట్టుకుని అమ్మ పక్కన కూర్చుంది. ప్రతి వరుసా చదివి తెలుగులో చెప్పింది. చివరి వరుస దగ్గర ఆగిపోయింది.

“ఈ మాట నాకు తెలీదమ్మా,” అంది. “ఎవరినైనా అడిగి నొక్కుదాం.”