నూకరాజు రెండో కన్ను

కాకినాడ నూకరాజు మెస్‌లో మొదటి దెబ్బ పడే సమయానికి డాక్టర్ నిస్సీ తన కంప్యూటర్ తెర చూసుకుని మురిసిపోతోంది. తెరమీద రెండు మెదళ్ల గీతలు ఒకదాన్నొకటి చక్కగా అంటుకున్నాయి. ఆవిడ లెక్కలో ప్రయోగం ఫలించినట్టే. పక్కన అబ్బులు చేతిలోని స్టీలు జగ్గు నూకరాజు నుదురు చీల్చింది.

ముందు ఆ ప్రయోగంలో వాడిన యంత్రం సంగతి చెప్పాలి. రుచి తెలిసేది నాలుకకే అయినా దాన్ని దాచుకునేది మెదడు. చెవి వెనక పెట్టుకునే రుచిపట్టీ ఆ దాచుకున్నదాన్ని తవ్వి తీస్తుంది. చప్పిడి కూర తింటున్నా ఎప్పుడో తిన్న కమ్మటి కూర రుచి తగులుతుంది. అది వచ్చాక హోటళ్లవాళ్లు వంట మీద శ్రద్ధ మానేశారు. జనానికీ పట్టలేదు.

నిస్సీ కొత్తగా చేసింది జంటపట్టీ. ఒకే పూట కలిసి తిన్న ఇద్దరు పెట్టుకుంటే, ఒకరి మెదడులో లేనిది రెండోవారి మెదడు పూరిస్తుంది. అప్పుడు రుచితోపాటు వెలుతురూ, మాటలూ, ఎదుటి మనిషి ముఖమూ అన్నీ లేచి వస్తాయి.

దానికి నూకరాజు, అబ్బులు కంటే మంచి జంట దొరకదనుకుంది. ఆ మెస్ ఇద్దరూ కలిసి పెట్టిందే. జనం వెళ్లాక ఒకే విస్తట్లో పొత్తు కలిపి తినేవాళ్లు. ఒకరోజు జనం ఉండగానే ఇద్దరూ చింతచిగురు రొయ్యలు తింటుంటే, ఎవరో ఆ కూర అదిరిపోయిందని అబ్బుల్ని మెచ్చుకున్నారు. నూకరాజుకి కడుపు మండి, అందరి ముందూ ఒక మాట అన్నాడు. అబ్బులు పక్కనున్న వేడి అట్లకాడ తీసి ముఖాన కొట్టాడు. నూకరాజు ఎడమ కన్ను పోయింది. అబ్బులు జైలుకెళ్లి, తర్వాత పరాయి రేవుల్లో మూటలు మోశాడు.

ఇన్నేళ్లకి నూకరాజే కబురు పెట్టాడు, రాత్రి భోజనానికి రమ్మని. వాళ్లలో రాజీ అంటే నోటిమాట చాలదు, ఒక విస్తట్లో తినాలి. అబ్బులు స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, గుమ్మంలో నిలబడ్డాడు. క్షమించాననే ఒక్క మాట కోసం వచ్చాడు పాపం.

"ఈ కూర ఇద్దరూ చాలాసార్లు తిన్నారా?" అని విస్తట్లోని చింతచిగురు రొయ్యలు చూపించి అడిగింది నిస్సీ, ఇద్దరి చెవుల వెనకా పట్టీలు పెడుతూ.

"రోజూనండి డాక్టరమ్మగారూ," అన్నాడు నూకరాజు.

"అయితే అన్నిటికన్నా గట్టిగా గుర్తున్న పూటని ఇదే పట్టుకుంటుంది."

గట్టిగా గుర్తుండేది తియ్యటి పూటే అనుకుంది, చదువుకున్న అమాయకురాలు. ఆ ఇద్దరికీ అనుమానం రాకపోవడం నాకు మరీ ఒళ్లు మండే విషయం.

మొదటి ముద్ద మింగారు. నూకరాజు తల ఎగరేసి, ఆనాటి మాటే అన్నాడు.

"వండేది నేను. నువ్వు వడ్డించేవాడివి. వడ్డించు!"

అబ్బులు చెయ్యి అట్లకాడ కోసం తడిమింది. జగ్గు దొరికింది. నుదురు చీలాక కుర్చీ తన్నేశాడు, పడ్డవాడి గుండెల మీద ఎక్కి కూర్చుని మూతి పగలగొట్టాడు. ఒక పన్ను విస్తట్లో పడింది. నూకరాజు అతని చెవి పట్టుకుని తల బల్లకేసి బాదాడు. నిస్సీ కేకలు పెడుతూ ఇద్దరి పట్టీలూ పీకేసేసరికి రొయ్యల్లో నెత్తురు కలిసిపోయింది.

అబ్బులు తన చేతులు చూసుకుని భోరుమన్నాడు. "మళ్లీ కొట్టేశాను... ఒరేయ్, మళ్లీ కొట్టేశాన్రా!"

నూకరాజు నెత్తురు తుడుచుకోలేదు. పిచ్చివాడిలా నవ్వుతున్నాడు.

"అమ్మా, ఎందుకు పీకేశావమ్మా? నాకు రెండు కళ్లూ కనిపించాయి!"

నిస్సీకి అప్పుడు వెలిగింది. లేచింది కన్ను పోకముందటి పూట. దెబ్బ పడేదాకా అతనికి రెండు కళ్లూ ఉన్నాయి.

"వేరే పూట పట్టుకోదా అమ్మా? మేం నవ్వుకున్న రోజులు బోలెడున్నాయి," అన్నాడు అబ్బులు.

"పట్టుకోదు. గట్టిదాన్నే పట్టుకుంటుంది. ఇవాళ్టి దెబ్బలతో అది ఇంకా గట్టిపడింది."

"నేనొక్కణ్ణే పెట్టుకుంటేనండి?" అన్నాడు నూకరాజు.

"రుచే వస్తుంది, చూపు రాదు. చూపుకి ఆయన ఉండాలి."

నూకరాజు అబ్బులు వైపు తిరిగాడు. అబ్బులు తల దించుకున్నాడు. కాదనే హక్కు తనకి లేదని అతనికి తెలుసు.

ఇప్పుడు రోజూ పొద్దు గూకాక ఆ మెస్ తలుపులు వేస్తారు. అబ్బులు చేతులు కుర్చీకి తాళ్లతో కట్టి, ఇద్దరికీ పట్టీలు పెట్టి, నూకరాజే స్వయంగా ముద్ద కలిపి నోట్లో పెడతాడు. ఆ మాట అంటాడు. అబ్బులు గొంతు చించుకుని అరుస్తాడు, చంపుతానంటాడు, తాళ్లు ఒరుసుకుని మణికట్ల చర్మం ఊడివస్తుంది. దెబ్బ పడదు కాబట్టి కన్ను పోదు. విస్తరి ఖాళీ అయ్యేదాకా నూకరాజు ఆ కోపపు ముఖాన్ని రెండు కళ్లతో తనివితీరా చూస్తాడు.

తర్వాత పట్టీలు తీసి, కట్లు విప్పి, మణికట్లకి వెన్న రాస్తాడు.

"నన్ను క్షమించావా నూకా?" అని అబ్బులు రోజూ అడుగుతాడు.

"ఎప్పుడో క్షమించేశాన్రా," అంటాడు నూకరాజు, "రేపు కాస్త పెందరాళే రా."