మూడో అంతస్తులో తొమ్మిది ఫోన్లు

నవంబరు తొమ్మిది అనగానే మాస్టారుకి ముందుగా గుర్తొచ్చేది సగం తిన్న గుడ్డు. ఆ ఉదయం ఒక గుడ్డు ఉడకబెట్టుకుని, అంచు మాడిన బ్రెడ్డు ముక్కతో తింటుంటే ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. భార్య పోయాక ఆయన నేర్చుకున్న వంట అదొక్కటే. అదీ సగంలో వదిలి లేవాల్సొచ్చింది.

మాస్టారు ఏ బళ్లోనూ పాఠం చెప్పలేదు. ముప్ఫై ఏళ్ల గూఢచారి ఉద్యోగంలో మొట్టమొదట వేసిన మారువేషం బడిపంతులుది. వేషం తీసేసినా పేరు మిగిలిపోయింది.

బ్రీఫింగ్ రూములో చీఫ్ ఒక్కడే ఉన్నాడు. ఒకప్పుడు మాస్టారు దగ్గర పని నేర్చుకున్నవాడే.

"ముందు ఇది చెప్పండి. మెడికల్ రిపోర్టు ఇంకా ఇవ్వలేదేం?"

"ఇస్తే ఇంటికి పంపేస్తారని."

"పంపనులెండి. ఈ పనవగానే ఇవ్వండి." చీఫ్ తెర వెలిగించాడు. ఒక పాత అపార్ట్‌మెంటు కనిపించింది. ఊరు మూడో దేశంలోది. మనకూ శత్రువుకూ మధ్య ఉండి, ఇన్నాళ్లూ ఎవరి పక్కా చేరని దేశం.

"మూడో అంతస్తు. శత్రువుల ముఠా నాయకుడు, మన ఫైళ్లలో పేరు 'గడియారం', రోజూ అక్కడ మీటింగు పెడుతున్నాడు. తొమ్మిది ఫోన్లు. తొమ్మిదీ ఒకప్పుడు ముఠా వాడినవే. సాయంత్రం ఆరింటికి వస్తాయి, ఏడున్నరకి పోతాయి. అందరూ ఒకే వరసలో కొన్ని మాటలు పదేపదే అంటున్నారు. వంతెన, తాళం, గొడుగు, తలుపు. కోడ్ వర్డ్స్."

గొడుగు అన్నచోట మాస్టారు మనసులో ఏదో కలుక్కుమంది. ఏమిటో తెలియలేదు.

"తేల్చిందెవరు?"

"కొత్తల్లుడు."

కొత్తల్లుడు మనిషి కాదు, ఎవర్ని చంపాలో ఎంచిపెట్టే సాఫ్ట్‌వేర్. ఏమన్నా ఎవరూ కాదనరు, అలిగితే ఆఫీసంతా హడలిపోతుంది. అందుకని క్యాంటీన్ వాళ్లు ఆ పేరు పెట్టారు.

"అడ్రసు ఇచ్చింది మన సిల్క్. ఆరు నలభై అయిదుకి డ్రోన్ మిసైల్ వదులుతుంది. రూలు ప్రకారం ఒక మనిషి కళ్లతో చూసి ఖాయం చెయ్యాలి. ఈ పెన్ను నొక్కితే అవునని అర్థం."

"కాదనాలంటే?"

చీఫ్ పెన్నును అటూ ఇటూ తిప్పి చూశాడు. "కాదనడానికి బటన్ పెట్టలేదు. నొక్కకపోయినా అవుననే తీసుకుంటుంది. సంతకం ఆలస్యమైందని రాసుకుంటుంది, అంతే."

"మరి నేనెందుకు?"

"రూలు కోసం." అతను కాస్త సిగ్గుపడినట్టే కనిపించాడు. ఆ మాత్రం సిగ్గు మిగిలినందుకు మాస్టారు సంతోషించాడు. "మీ బూటు మడమలో ట్రాకర్ ఉంటుంది. మనవాడు లోపలుంటే కొట్టదు. ఆరూ నలభైకల్లా బయటికొచ్చేయండి."

మధ్యాహ్నం విమానం. సాయంత్రం ఆరూ ఇరవైకి, వాటర్ ఫిల్టర్ మెకానిక్ వేషంలో, బూడిదరంగు యూనిఫాంతో, టూల్ బ్యాగుతో మాస్టారు ఆ అపార్ట్‌మెంటు ముందు దిగాడు. కింద జిప్పులూ బొత్తాలూ అమ్మే షాపు. కౌంటరు వెనక సిల్క్. పదిహేనేళ్లుగా ముఠాలో ఉంటూ మనకు కబుర్లు చేరవేస్తున్న డబుల్ ఏజెంట్. యాభై దాటినా, మెళ్లో కొలత టేపు ముత్యాల హారంలా వేసుకోవడం ఆవిడకే చెల్లింది.

"పొడుగు జిప్పులున్నాయా?"

"ఎంత పొడుగు?"

"దాచాల్సినంత."

కోడ్ సరిపోయింది. సిల్క్ నవ్వింది. "అందరూ వచ్చేశారు మాస్టారూ. మూడంతస్తులు ఎక్కి మోకాళ్లు అరగదీసుకోవడం ఎందుకు? ఇక్కడే కూర్చుని నొక్కేయండి. టీ తెప్పిస్తాను."

పదిహేనేళ్లలో ఆవిడ టీ మాట ఎత్తడం అదే మొదలు. అదలా ఉంచి, మోకాళ్ల నొప్పి సంగతి మాస్టారు ఇంకా డాక్టరుకే చెప్పలేదు. ఈవిడకెవరు చెప్పారు? తను కుంటుతూ నడవడం ఎవరో కొన్నాళ్లుగా కాపు కాసి చూస్తే తప్ప తెలిసే విషయం కాదు.

"ఫిల్టర్ చూసొచ్చి తాగుతాను," అని, లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కాడు.

తలుపు తీసే ఉంది. లోపల అర్ధచంద్రాకారంలో తొమ్మిది కుర్చీలు. తొమ్మిది మంది నడివయసువాళ్లు, ముసలివాళ్లు. ఒకరికి మూతి వంకర, ఒకరికి చెయ్యి పడిపోయింది. ఎదురుగా ఒక టీచరు, బొమ్మ గీసిన అట్ట పట్టుకుని నిలబడింది. అట్ట మీద గొడుగు.

"గొ... గొ..." అంటోంది మొదటి కుర్చీలో ఆవిడ.

మాస్టారు గుమ్మంలోనే ఆగిపోయాడు. పక్షవాతంతో మాట పడిపోయాక ఆయన భార్య ఇలాంటి గదిలోనే ఎనిమిది నెలలు కూర్చుంది. ఇవే అట్టలు, ఇదే వరస. చివరిదాకా గొడుగుని వాన అనే అనేది. తప్పని ఆయన ఒక్కసారీ అనలేదు.

"ఫిల్టరా? కాసేపు ఆగండి, పాఠం మధ్యలో ఉన్నాం," అంది టీచరు.

"ఈ ఫోన్లెక్కడివమ్మా?" బల్ల మీద తొమ్మిదీ వరసగా ఉన్నాయి.

"ఏదో ట్రస్టు వాళ్లు తలా ఒకటి ఇచ్చారండీ, ఇంటి దగ్గర సాధన చేసుకోమని. ఆపెయ్యొద్దన్నారు. కింద జిప్పుల షాపావిడే తెచ్చిపెట్టింది. మంచావిడ."

ముఠా ఒక్క తూటా కొనలేదు. తొమ్మిది పాత ఫోన్లు దానం చేసింది. మిగతా పని మన మిసైలే చేసిపెడుతుంది. తెల్లారేసరికి తొమ్మిది మంది రోగుల శవాలు పత్రికల్లోకెక్కుతాయి, సాయంత్రానికి మూడో దేశం శత్రువు పక్కన నిలబడుతుంది. పూర్వం ఒకణ్ని చంపాలంటే వాడి మొహమైనా చూడాల్సొచ్చేది.

ఆరూ నలభై ఒకటి. మాస్టారు కిటికీ దగ్గరికెళ్లి కాలర్లోని మైకులో చీఫ్‌ని పిలిచాడు.

"ఆపు బాబూ. వీళ్లు మాట పడిపోయిన రోగులు. గడియారమూ లేడు, గోడా లేదు. సిల్క్ మనల్ని అమ్మేసింది."

"నేను ఆపలేను మాస్టారూ. ఆపాలంటే కమిటీలో ముగ్గురూ ఒప్పుకోవాలి. ముగ్గురూ విమానంలో ఉన్నారు. మీరు బయటికి రండి."

"వీళ్లను దించడానికి అరగంట పడుతుంది. లిఫ్టులో ఇద్దరే పడతారు."

"మిమ్మల్నే రమ్మంటున్నాను."

"నేను లోపలుంటే కొట్టదన్నావుగా?"

"పోయిన నెల రూలు మార్చారు. గడియారానికీ మీకూ, ఎవరి విలువ ఎక్కువని, కొత్తల్లుడు మార్కులేస్తాడు. మీకు తక్కువొస్తే కొట్టేస్తాడు."

"నాకెన్నొచ్చాయి?"

"నాకు కనబడవు."

"పొద్దున చెప్పలేదేం?"

"చెప్తే వెళ్లరని."

"వెళ్లేవాణ్నే," అన్నాడు మాస్టారు.

మూల నుంచి పదో కుర్చీ లాక్కుని, ఆయన ఆ వరసలోనే చివర కూర్చున్నాడు. టీచరు, మెకానిక్ అలసిపోయాడనుకుని ఒక గ్లాసు నీళ్లు అందించింది. పక్క కుర్చీలో ఒకప్పటి బస్సు డ్రైవరు. అతని వంతు తలుపు బొమ్మ.

"త..." అని ఆగిపోయాడు.

బయట ఎక్కడో దోమ గీపెడుతున్నట్టు సన్నటి మోత. దగ్గరవుతోంది. నలభై నాలుగు. కిటికీ అద్దం జుమ్మంది. డ్రైవరు మళ్లీ "త..." అన్నాడు. మాస్టారు అతని పడిపోయిన చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. నలభై అయిదు.

మోత ఒక్క క్షణం నిలబడి, చిన్నగా దూరమైంది.

"గెలిచారు," అన్నాడు చీఫ్. "రెండు మార్కులతో."

"ఎలా?"

"మెడికల్ రిపోర్టు ఇవ్వలేదుగా. ఆ గడి ఖాళీ. మీరు నిక్షేపంలా ఉన్నారనుకున్నాడు కొత్తల్లుడు. ఇచ్చుంటే ఏ మోకాళ్ల నొప్పికో అయిదు పోయేవి." తెర చూసి, "దాడి రిపోర్టు వచ్చేసింది. 'దాడి రద్దు. కారణం: మానవ తప్పిదం.' మీ పేరే రాశాడు," అన్నాడు.

మాస్టారు కిటికీలోంచి కిందికి చూశాడు. షాపు షట్టరు దించేసి ఉంది. మోకాళ్ల గురించి అడిగిన మనిషి పారిపోయింది.

ట్రస్టు వాళ్లు కొత్తవి ఇస్తారని చెప్పి తొమ్మిది ఫోన్లూ టూల్ బ్యాగులో వేసుకున్నాడు. ఏడున్నరకి పాఠం అయిపోయింది. ఇద్దరిద్దరిని లిఫ్టు దాకా నడిపించాడు. చివరికి డ్రైవరు మిగిలాడు. టీచరు వెళ్తూ వెళ్తూ ఇంకోసారి తలుపు బొమ్మ చూపించింది.

"త..."

"పర్లేదు బాబాయిగారూ, రేపొస్తుంది," అందామె.

అతను మాస్టారు వైపు చూసి ఒక పక్కగా నవ్వాడు. బాగున్న చేత్తో ఆ గది తలుపును, చప్పుడు కాకుండా, ఆ రాత్రికి దగ్గరగా వేశాడు.