ఆ కుర్చీ ఖాళీ లేదు

డెల్ఫీన్ పరిగెడుతోంది.

వెనక బూట్ల చప్పుడు!

డిసెంబరు సోమవారం, సాయంత్రం ఐదు దాటి నాలుగు నిమిషాలు. వాషింగ్టన్ అప్పుడే చీకట్లో మునిగింది. మంచూ వానా కలిసి సూదుల్లా ముఖానికి గుచ్చుకుంటున్నాయి. ఎదుట, కొండ మీద, సెనేట్ గుమ్మటం తెల్లగా వెలుగుతోంది. దగ్గరలోనే ఉన్నట్టుంది... ఎంత పరిగెత్తినా దగ్గర కావడం లేదు.

కోటు లోపల, గుండెను ఆనుకుని, ఒక కవరు.

ఐదున్నరకు ఓటింగ్. ఆలోగా ఈ కవరు సెనేట్ కార్యదర్శి బల్ల మీద ఉండాలి. లేకపోతే జడ్జి ఓర్లెబెక్ మాటకు విలువ లేదు!

"ఆగండి మేడమ్!"

బూడిదరంగు కోటువాడు. స్టేషన్ మెట్ల మీద మొదటిసారి అడ్డుపడ్డాడు. ఎంతో మర్యాదగా చెయ్యి చాచాడు. "ఆ కవరు ఇటిచ్చి ఇంటికి పోండి. మీకేం కాదు" అన్నాడు.

ఆమె గొడుగు మొనతో వాడి మోకాలి మీద పొడిచింది.

పద్నాలుగేళ్ళు న్యాయస్థానంలో కాగితాలు దిద్దిన చెయ్యి అది. మనిషిని పొడవడం ఇదే మొదలు!

*

గంటన్నర క్రితం...

నది అవతల, అలెగ్జాండ్రియాలో చిన్న లాడ్జి. కిటికీ తెరలు దించి ఉన్నాయి. బల్ల మీద బైబిలు. ముప్ఫై ఒక్క ఏళ్ళ క్రితం జడ్జి ఓర్లెబెక్ చెయ్యి పెట్టి ప్రమాణం చేసిన బైబిలు అదే. ఎక్కడికి వెళ్ళినా వెంట ఉంటుంది.

"చదువు అమ్మాయ్. తప్పులుంటే చెప్పు. నా తప్పులు దిద్దడమేగా నీ ఉద్యోగం!"

ఆమె చదివింది. తప్పుకుంటానన్న మాటను ఆయన వెనక్కి తీసుకుంటున్నారు!

వసంతకాలంలో ఆయనే రాసి ఇచ్చారు, తన స్థానంలో కొత్త జడ్జిని సెనేట్ ఆమోదించిన రోజునే తాను తప్పుకుంటానని. శరదృతువులో ఎన్నికలు వచ్చాయి. అధ్యక్షుడు ఓడిపోయాడు. కొత్తవాడు పదవిలోకి రావడానికి ఇంకా నెలరోజులుంది. ఆ నెలరోజుల్లోనే దొరికిన ప్రతి న్యాయపీఠం మీదా తన మనిషిని కూర్చోబెట్టి పోవాలని పాతవాడి తొందర. ఒక్కటీ దక్కనివ్వకూడదని కొత్తవాడి పంతం. మధ్యలో డెబ్బై తొమ్మిదేళ్ళ ముసలాయన... ఆయన కుర్చీ!

"సార్, పాత అధ్యక్షుడు మనవాడు" అంది డెల్ఫీన్. "మీ కుర్చీకి ఆయన ఎంచిన రోసలిండ్ నాతో చదువుకుంది. మంచి జడ్జి అవుతుంది. అవతలివాళ్ళు ఎవరిని తెస్తారో దేవుడికే తెలియాలి!"

"పదిహేడేళ్ళ కిందట అవతలివాళ్ళ అధ్యక్షుడు ఇదే పని చేశాడు. పోయేవాడు పీఠాలు నింపకూడదని అప్పుడు నేనే రాశాను. నువ్వు చదివే ఉంటావు."

"చదివాను."

"అప్పుడు వాళ్ళకు కాదన్నాను. ఇప్పుడు మనవాళ్ళకు ఔనంటే నేనేం జడ్జినమ్మా?"

ఆమె మనసు ఒప్పుకోలేదు. అయినా కవరు అందుకుంది.

"మనవాళ్ళు నా ఇంటి చుట్టూ తిరుగుతున్నారు. నేనిక్కడ ఉన్నట్టు నీకొక్కదానికే తెలుసు" అన్నారాయన. "జాగ్రత్త. చేరగానే ఫోన్ చెయ్యి."

*

రైలు ప్లాట్‌ఫారం మీద ఆమె ఒక పని చేసింది.

సెనేట్‌లో రెండు పక్షాలకూ ఇద్దరు న్యాయ సలహాదారులు. పాత అధ్యక్షుడి పక్షానికి లైసాండర్ ప్రూయిట్. కొత్త అధ్యక్షుడి పక్షానికి విల్‌హెల్మీనా టాక్. ఇద్దరినీ ఒకే ఫోన్‌లో కలిపింది.

న్యాయస్థానపు నియమం అది. ఒక పక్షానికి చెప్పిన మాట రెండో పక్షం చెవిన వెయ్యకపోవడం మహాపాపం. పద్నాలుగేళ్ళుగా ఆమె ఒక్కసారీ తప్పలేదు. చదివితే మొత్తం చదవాలి, పై అంచు నుంచి సంతకం దాకా. అదీ నియమమే.

మొత్తం చదివింది.

"...నేను బతికున్నంత కాలం ఆ కుర్చీ ఖాళీ కాదు. ఇట్లు, థాడియస్ ఓర్లెబెక్."

"తల్లీ! నీ కడుపు చల్లగా!" అంది టాక్ ఉద్వేగంతో.

ప్రూయిట్ మాత్రం మెల్లగా అన్నాడు.

"సరిగ్గా వినబడలేదు డెల్ఫీన్. ఏమనుకోకు, మొదటి నుంచి మళ్ళీ చదువు."

చదివింది.

*

బూట్ల చప్పుడు దగ్గరైంది!

వాడి ఊపిరి వినబడుతోంది. చెయ్యి చాచాడు... వేళ్ళు ఆమె కోటు కాలరుకు తగిలాయి!

ఫోన్ మోగింది.

ఆమెది కాదు. వాడిది!

పరిగెడుతూనే వెనక్కి చూసింది. వాడు దీపస్తంభం కింద ఆగిపోయాడు. ఫోన్ చెవికి ఆనించి వింటున్నాడు. తల ఊపాడు. ఆమె వైపు చూసి, పెళ్ళిపందిట్లో చుట్టానికి వీడ్కోలు చెప్పినట్టు, టోపీ కొంచెం పైకెత్తి... వెనక్కి తిరిగి నడిచిపోయాడు!

ఎందుకు?

ఆలోచించే వ్యవధి లేదు. బతికిపోయాను అనుకుంది.

*

ఐదూ పద్దెనిమిది. సెనేట్ తలుపు దగ్గర తనిఖీ. ముసలి పోలీసు క్విల్ ఆమెను ఏళ్ళుగా ఎరుగును.

"బెల్టు కూడా తియ్యాలమ్మా. సెనేటర్ల నోళ్ళు తప్ప ఇక్కడ అన్నీ తనిఖీ చేస్తాం."

"క్విల్ గారూ, దండం పెడతాను, తొందరగా!"

"ఏమిటా ఆయాసం? ఎవరైనా తరుముతున్నారా?"

"తరిమారు. మానేశారు."

క్విల్ నవ్వు ఆగిపోయింది. "తరిమేవాడు ఊరికే మానడమ్మా" అన్నాడు.

గంటలు మోగాయి. వరండాల నిండా ఒకటే మోత. ఓటింగుకు సెనేటర్లను పిలిచే గంటలు!

పరుగు... మెట్లు... తడి బూట్లు పాలరాతి మీద జారాయి. మోకాలు పగిలింది. లేచింది.

కార్యదర్శి బల్ల!

గుమాస్తా కవరు తీసి, సంతకం చూసి, ముద్ర కొట్టాడు. ఐదూ ఇరవై ఆరు.

చేరింది!

గోడకు ఆనుకుంది. కళ్ళ నీళ్ళు వచ్చాయి. ఓడిపోయింది తన పక్షమే. అయినా ఆయన మాట నిలిచింది!

"శ్రమపడ్డావు పాపం."

లైసాండర్ ప్రూయిట్. నల్ల సూటు, చేతిలో కాఫీ. ముఖంలో కోపం లేదు.

"క్షమించు లైసాండర్. మన రోసలిండ్ కోసం నాకూ బాధగానే ఉంది."

"ఛ, బాధ దేనికి? ఓటింగును ఒక గంట వాయిదా వేయించాను."

"వాయిదా ఏమిటి? ముద్ర పడింది. కుర్చీ ఖాళీ లేదు. రద్దు చెయ్యాలి కదా!"

"వాయిదా చాలు" అన్నాడు ప్రూయిట్. గోడ గడియారం వైపు చూస్తున్నాడు.

ఆమె ఫోన్ తీసింది. ఒక్క మోతకే అవతల ఎత్తారు.

"సార్! చేరింది! ముద్ర పడింది!"

"బంగారు తల్లివి! ఇవాళ నిద్ర పడుతుంది నాకు." ముసలి గొంతులో నవ్వు. "ఉండు... సూప్ నువ్వు పంపావా?"

"సూపా? లేదే!"

"తలుపు కొడుతున్నారు. నీ పేరే చెబుతున్నాడు కుర్రాడు."

ఆ లాడ్జి తనకొక్కదానికే తెలుసు...

తనకొక్కదానికే!

ఉత్తరం ఆమె కళ్ళముందు నిలిచింది. ఆయన పాతకాలం మనిషి. ఏది రాసినా పై అంచున ఊరు, చోటు, తేదీ వేయనిదే కలం కదలదు. ఫెర్న్‌లీ లాడ్జి. పన్నెండో గది. అలెగ్జాండ్రియా.

చదివింది తానే. పై అంచు నుంచి. రెండుసార్లు!

"సార్! తలుపు తియ్యకండి! సార్!"

"అరవకమ్మా... తీశాను. ఎవరు నాయనా నువ్వు? ఆ చేతిలో..."

ఢాం!

ఫోన్ కింద పడిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

ప్రూయిట్ గడియారం మీంచి చూపు తిప్పాడు. కాఫీ చివరి గుక్క తాగి, కప్పు కార్యదర్శి బల్ల మీద, ఆ ఉత్తరం పక్కనే, జాగ్రత్తగా పెట్టాడు.

"గొప్ప ఉత్తరం డెల్ఫీన్" అన్నాడు. "ఆయన మాట ప్రకారమే నడుచుకుంటాం. ఆయన బతికున్నంత కాలం ఓటింగ్ పెట్టలేదు కదా!"