టమరాక్ మోటెల్‌లో ఆరో నంబరు గది

మా ఊరి మంచు దారిన వచ్చేవాళ్ళకి ఎవరైనా ఒక్కటే చెప్తారు — బండి చెడిపోతే బండి మీదే పడుకో, టమరాక్ మోటెల్ ఆరో నంబరు గదిలో మాత్రం పడుకోకు.

మంచు కురిసే రాత్రి అక్కడ ఎవరో గోడ కొడతారట. లోపలివాళ్ళు పలికేదాకా కొడతారట. తలుపు తీసి చూస్తే... ఎవరూ ఉండరట.

వర్న్ రువోనా ఏటా ఫిబ్రవరిలో నా బారుకి వస్తాడు. ఈ సంగతి నాకు చెప్పింది అతనే. ఆ ఏడు బావమరిది లైల్‌ని వెంటబెట్టుకుని, మంచు మీద నడిచే స్నోమొబైళ్ళ మీద దిగాడు. ఆ శనివారం ఆ బళ్ళ పందేలు. లాడ్జీలన్నీ నిండిపోయాయి. చెరువు గట్టునున్న పెద్ద హోటల్లో ఒక్క గది ఉందన్నారు. ధర విని వర్న్ నవ్వి, ఫోను పెట్టేశాడు.

"మంచం, హీటరు, బళ్ళు నిలపడానికి ఇంత చోటు. ఇంకేం కావాలోయ్? టమరాక్‌కే పోదాం."

"మా అక్క నీతో ఎలా వేగుతోందో బావా!" అన్నాడు లైల్. "దెయ్యం కనపడితే సగం అద్దె దాన్నీ ఇమ్మంటావు నువ్వు."

టమరాక్ యజమానురాలు మర్నా డెబ్బై దాటిన మనిషి. మాట తక్కువ. ఆరో గది తప్ప ఖాళీ లేదంది. తాళం ఇచ్చి, ఆకాశం వంక చూసి, లోపలికి పోయింది.

ఇద్దరూ నా దగ్గర కొన్న మాంసం కూరిన పేస్టీలు తిని, బీర్లు తాగి, హీటరు పెంచుకుని పడుకున్నారు.

ఏ జాముకో గోడ మీది చిన్న డబ్బా కీచుమని అరిచింది. లైల్ సగం నిద్రలో లేచి, తిట్టుకుంటూ దాని బ్యాటరీ పీకి పారేశాడు. మళ్ళీ పడుకున్నాడు.

తర్వాత... టక్. టక్. టక్.

వర్న్‌కి మెలకువ వచ్చింది. తల రాయిలా ఉంది. నాలుక పిడచగట్టుకుపోయింది. చప్పుడు వెనక గోడలోంచి వస్తోంది.

"లైల్... ఒరే..."

లైల్ పలకలేదు. కుదిపినా కదల్లేదు. మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

వర్న్ తూలుతూ వెళ్ళి తలుపు తీశాడు. దాని వెనక బయటికి తెరుచుకునే రెండో తలుపు ఉంది. భుజంతో తోశాడు — అంగుళం కదల్లేదు. కప్పు మీది మంచు మొత్తం జారి తలుపుకి అడ్డం పడిపోయింది. కిటికీ తెర లాగాడు. అద్దానికి అవతల తెల్లటి గోడ.

ఫోనుకి సిగ్నల్ అందలేదు. అరుద్దామంటే గొంతు లేవదు.

టక్. టక్... ఆ చప్పుడు గోడ పక్కనే నడిచింది. ఆగింది. ఇప్పుడు పైనుంచి — కప్పు మీద అడుగులు. ఆ తర్వాత గీరుతున్న చప్పుడు... గోళ్ళతో రేకుని గీరినట్టు.

అప్పుడు గొంతు. సన్నగా, ఊపిరాడనట్టు —

"బతికున్నారా... లోపల?"

వర్న్ పాకుతూ స్నానాల గదిలోకి చేరాడు. అక్కడ చిన్న కిటికీ. బూటుతో అద్దం పగలగొట్టాడు. అక్కడా మంచే. వేళ్ళతో తవ్వాడు. మోచేతి దాకా పోయింది చెయ్యి...

అవతలి నుంచి ఒక చల్లటి, ఎముకల చెయ్యి అతని మణికట్టు పట్టుకుంది.

కేకేశాడు. ఈసారి గొంతు లేచింది.

"హమ్మయ్య, పలికావా?" అంది అవతలి గొంతు. "గ్యాసు కట్టేశా. మొహం ఇటు పెట్టి గాలి పీల్చు. రెండోవాణ్ణి కూడా ఈడ్చుకురా, తొందరగా!"

మర్నా. చేతిలో పార. హీటరు పొగ పోయే గొట్టాన్ని మంచు పూడ్చేస్తే, ఆ పొగంతా గదిలోకే తిరిగింది. వాసన లేని విషం. లైల్ బ్యాటరీ పీకేసిన డబ్బా దాన్ని పసిగట్టే అరిచింది.

తెల్లారేసరికి లైల్ ఆస్పత్రిలో వాంతులు చేసుకుంటున్నాడు. చేసుకుంటున్నాడంటే బతికాడన్నమాట.

వర్న్ ఆస్పత్రి వసారాలో మర్నా పక్కన కూర్చున్నాడు. అడిగాడు — "అయితే గోడలు కొట్టే దెయ్యం..."

"నేనే. మంచు పడ్డ రాత్రల్లా లేచి ఒక్కో గదీ తట్టి వస్తా. బూతులు తిట్టినా సరే, పలికితే చాలు. పోయి పడుకుంటా. మీ గదిలో ఎంత కొట్టినా ఎవరూ పలకలేదు. అందుకే పార తెచ్చా."

"తట్టేది నువ్వేనని చెప్పొచ్చుగా! ఊరంతా దెయ్యమంటున్నారు."

"అననీ."

ఆమె చేతి తొడుగులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"గొట్టం రెండుసార్లు ఎత్తు పెంచా. ఈ ఏటి మంచు దాన్నీ మింగింది. పదకొండేళ్ళ కిందట, ఇలాంటి మంచు రాత్రే, మా తమ్ముడు ఆ గదిలోనే పడుకున్నాడు. రోజంతా బండి నడిపి అలిసిపోయి వచ్చాడు. రాత్రి తలుపు దాకా వెళ్ళాను. లేపడం దేనికిలే, పాపం పడుకోనీ అనుకుని... తట్టకుండా వచ్చేశాను."