మూడో చెయ్యి

వరద నీళ్ళు షాపుల అరుగులెక్కిన ఏడు జరిగిందిది. ఆ నీళ్ళలో స్టీల్ గిటార్ కుర్రాడి డిలే పెడల్ నాని మూగపోయింది. గిటార్ అటక మీద ఉండబట్టి బతికింది.

డిలే పెడల్ అంటే చిన్న డబ్బా. తీగ ఒక్కసారి మీటితే ఆ స్వరాన్నే మళ్ళీ మళ్ళీ పలికిస్తుంది. అది లేకపోతే అతని పాట బోడిగా ఉండేది. ఇనప కడ్డీని తీగల మీద జార్చి వాయిస్తాడని బ్యాండులో వాళ్ళు అతన్ని జారుడుబండ అనేవారు.

వాయిద్యాల షాపు ఓనరుగారి అమ్మాయి రెండు పెడల్స్ తెచ్చి ముందు పెట్టింది.

"రెండూ అనలాగే. వెనక్కొచ్చే స్వరం మెత్తగా మసకబారుతూ పోతుంది. ఎర్రది తొందరగా పలుకుతుంది, పచ్చది తాపీగా. మీది జారే వాయిద్యం కదా, తొందర ఎక్కువైతే స్వరాలు ఒకదాని మీదొకటి పడి అలుక్కుపోతాయి. చూసుకోండి."

గిటార్‌ని ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడు. ఎడమ చేతిలో కడ్డీ, కుడి చేతి వేళ్ళకి తొడుక్కున్న మీటే గోళ్ళు. ఇంక పెడల్ మీది నాబ్ తిప్పడానికి చెయ్యేదీ?

"ఉండండి, నేను తిప్పుతా" అని ఆమె నేల మీద చతికిలబడింది.

"ఇంకొంచెం... ఆ... చాలు చాలు!"

వాయించి చూసి తేల్చుకుంటానని ఎర్రది పట్టుకెళ్ళాడు. షాపులో అంత బాగా పలికింది, ఇంట్లో చప్పగా పలికింది. మర్నాడు తెచ్చిచ్చి పచ్చది పట్టుకెళ్ళాడు. అదీ అంతే. మళ్ళీ ఎర్రది. కరెంటు తేడా ఏమోనని ప్లగ్గు మార్చాడు. గది మార్చాడు. చివరికి చెవులు కడుక్కున్నాడు.

"ఒరేయ్, అది పెడలా, చంటిపిల్లా? రోజూ ఊరేగిస్తున్నావు!" అంది అక్క.

ఓనరుగారికి ఓపిక చచ్చింది. "బాబూ, ఇవాళ ఏదో ఒకటి తేల్చుకో. తీసుకున్నాక మార్చడాల్లేవు. మళ్ళీ ఇటు రాకు."

కుర్రాడు రెండు పెడల్స్ వంకా మార్చి మార్చి చూశాడు. ఏదో ఒకటి తేల్చుకుంటే రేపు రావడానికి సాకేదీ? అసలు తన బెంగ పెడల్ గురించేనా?

"ఏది పెట్టమంటారు?" అందామె.

"ఎర్రది... కాదు, పచ్చది. ఏమోనండీ, ఏదో ఒకటి పెట్టండి."

పచ్చది పెట్టింది. వాయించాడు.

"కొంచెం ఎడమకి... ఇంకా... అబ్బ! ఇదండీ! ఇప్పుడు కుదిరింది!"

ఆమె తలెత్తింది. "నేను తిప్పలేదు."

"ఆఁ?"

"ఊరికే వేలు పెట్టా. నిన్నా అంతే. తిప్పకుండానే కుదిరిందంటారు. పిచ్చి మీకో నాకో తెలీక చస్తున్నా!"

చేతిలో కడ్డీ కుయ్యిమంటూ జారింది. ఆ కూతని పెడల్ పలికిందే పలికి అతని పరువు తీసింది.

"అంటే... మీరు పక్కనుంటేనే కుదురుతోందేమోనండీ" అన్నాడు. అనేశాక, ఆ మాటన్నదెవరా అని వెనక్కి తిరిగి చూశాడు.

ఆమె చెవులు కందిపోయాయి. "నాతో అంటే ఏం లాభం? నాన్నతో అనండి."

"అంటే... వద్దనా?"

"అబ్బబ్బా! ఈ మనిషికి అన్నీ విడమర్చి చెప్పాలి. రమ్మనే! పెడల్ కోసం కాదు."

ఏ పెడలూ తీసుకోకుండానే ఇంటికెళ్ళాడు. మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అక్కను వెంటబెట్టుకుని, షాపు షట్టరు లేవకముందే వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు.